తెర వెనుక రెండు గొంతులు

"నీ నౌకరీ మీద దావా పడ్డదమ్మా, అక్తర్ బేగం!" వాకిట్లో నిలబడే చెప్పాడు వకీలు దశరథం. తలుపు చాటున ఉన్న అక్తర్ చేతిలోంచి చేట జారి జొన్నలన్నీ నేలపాలయ్యాయి.

భర్త ఖాజా మియా గత్తర జబ్బుతో పోయిన ఏడాదికి, నాగర్‌కర్నూల్ ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం ఆమెకు దక్కింది. పరదా ఇళ్ళవాళ్ళు కనుక తెర కట్టి, వెనుక కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఇప్పుడు అదే పరీక్షకు వచ్చి, ఉద్యోగం దక్కని హుసేన్‌బీ కోర్టుకెక్కింది. పేరు పిలిస్తే పలికిన గొంతు ఒకటి, పాఠం చదివిన గొంతు ఇంకొకటి... అక్తర్ బదులు మరెవరో చదివారట!

"లోపట నీతోటి ఇంకెవరన్న ఉండిరా తల్లీ?"

ఉన్నారు! అత్త కుల్సుమ్‌బీ ఉంది. పరాయి మగవాళ్ళు కోడలి పేరు పిలవడమే ఆమెకు గిట్టలేదు, దానికి కోడలు పలకడం కూడానా! అందుకే తనే "హాజర్!" అని గట్టిగా అరిచింది. ఇంటి మర్యాద కాపాడాననుకుంది, పాపం! ఆ మాట చెబితే అత్తను కచేరీకి పిలుస్తారు. పాలవాడికి కూడా ముఖం చూపని మనిషి...

"ఎవ్వరు లేరు వకీల్ సాబ్" అంది అక్తర్.

సాయంత్రానికి గద్వాల నుంచి అన్న ఇమామ్ సాహెబ్ వచ్చాడు. "దావా ఓడితే నిన్ను, పిల్లను తోల్కపోత చెల్లే. ఉన్నదాంట్ల ఇంత గంజి పోస్త. అత్తమ్మను గూడ సాకుడు మాత్రం నాతోని కాదు..." అన్నాడు తల వంచుకుని. మనవరాలు మహబూబ్‌బీ తల దువ్వుతున్న కుల్సుమ్‌బీ చేయి ఆగిపోయింది. కొడుకు పోయాక ఆ పిల్లే కదా ఆమె ప్రాణం!

"పలికింది నేనని ఎందుకు చెప్పలేదే?" అడిగింది కోడలిని.

"నిన్ను నలుగుర్ల నిలబెట్టి తెచ్చుకునే నౌకరీ నాకొద్దు అమ్మీ!" అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

కచేరీలోనూ తెర కట్టారు. వద్దు వద్దంటున్నా వినకుండా కుల్సుమ్‌బీ కోడలి పక్కనే కూర్చుంది. "హాజర్ అన్నది నేను సాబ్! చదివింది నా కోడలు" అని లోపలి నుంచే చెప్పింది.

అవతలి వకీలు నవ్వాడు. "ఏ మాట ఎవరిదో మాకేం ఎరుక హుజూర్? మళ్ల గదే తెర, గవే రెండు గొంతులు!"

తీర్పు చెప్పాల్సిన మున్సిఫ్ సాహెబ్ కూడా నిజమేనన్నట్టు తల ఊపాడు. అంతలో... తెర కదిలింది! కుల్సుమ్‌బీ బయటికి వచ్చి, బురఖా ముసుగు వెనక్కి తీసేసింది! నెరిసిన జుట్టు, వణికే పెదవులు... మగవాళ్ళంతా తమంతట తామే తలలు దించుకున్నారు. ఎంత ధైర్యమమ్మా ఆ తల్లిది!

"సూడుండ్రి సాబ్, ఇది నా నోరు. దీనికి అలీఫ్ అక్షరం గూడ తెల్వదు. లోపట నా కోడలొక్కతే ఉన్నది. సదివించుండ్రి. నేను గిట్లనే నిలబడత!"

అక్తర్‌ను ఎరిగిన, కచేరీ ఊడ్చే నర్సమ్మ మున్సిఫ్ ఇచ్చిన పుస్తకం పట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. "అక్తర్ బేగమే సర్కార్, ఒక్కతే ఉన్నది!" అంటూ బయటికొచ్చింది. కన్నీళ్ళు మింగుతూ అక్తర్ చదవసాగింది. మొదట వణికినా, రెండో వాక్యానికి గొంతు నిలబడింది. ఆనాడు పరీక్ష చేసిన అధికారి సాక్షుల వరసలోంచి లేచాడు. "ఆ రోజు చదివింది ఈ గొంతే హుజూర్!"

దావా కొట్టేశారు. గుమ్మం దగ్గర హుసేన్‌బీ కుల్సుమ్‌బీ చేతులు పట్టుకుంది. "మాఫ్ చెయ్యి ఖాలా... రెండు గొంతులు ఇనబడె, అన్యాలం జరిగిందనుకున్న."

"నువ్విన్నది నిజమేనే బిడ్డా! పరేషాన్ చేసింది నేను" అంటూ హుసేన్‌బీ కళ్ళు తుడిచింది కుల్సుమ్‌బీ. కోడలి ఉద్యోగానికి అడ్డుపడిన మనిషి మీద కూడా కోపం లేదు ఆ మహాతల్లికి!

బడి మొదటి రోజున మనవరాలిని తీసుకుని తనే వచ్చి వాకిట్లో నిలబడింది. అక్తర్ హాజరు పిలుస్తోంది. "మహబూబ్‌బీ!"

అలవాటు కొద్దీ కుల్సుమ్‌బీ నోరు తెరిచింది... వెంటనే కొంగు అడ్డం పెట్టుకుని, పిల్లను ముందుకు తోసింది.

"హాజర్!" అంది మహబూబ్‌బీ, బడంతా వినబడేలా.