సున్నా గుంట

కిరీటి పెద్ద చదువులు చదివిన మనిషే. తప్పు జరిగితే పక్కవాళ్ల నెత్తిన రుద్దడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. ఈసారి ఆ నెత్తి మనోజ్ఞది.

గవర్నర్‌పేటలో కిరీటి ఆఫీసు. అంతరిక్ష నౌకకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. నౌక ఒక గ్రహశకలం మీద దిగాలి. ఆ శకలం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాంతోపాటే తిరిగే కొలతల చట్రం ఒకటి కావాలి. అందుకని దాని మీదున్న ఒక గుంటను సున్నా అనుకున్నారు. కోణాలన్నీ అక్కడి నుంచే లెక్క.

మంగళవారం ఉదయం 10.20. గ్రహశకలం కొయ్య నమూనాతో టెస్ట్. కెమెరా సున్నా గుంటను వెతికింది. దొరకలేదు. వేరే గుంటను పట్టుకుంది. దిగే చోటు 41 డిగ్రీలు తప్పింది.

చట్రం ఫైల్ రాసింది మనోజ్ఞ. శుక్రవారం నాలుగింటిలోగా సంగతి తేలకపోతే ఆమె ఉద్యోగం పోయినట్టే.

శుక్రవారం 2.45. కంపెనీ పిలిపించిన డిటెక్టివ్ హేమసుందర్ ముగ్గురిని కూర్చోబెట్టాడు. మూడో మనిషి కొండపల్లి బొమ్మలు చేసే బసవయ్య. నమూనా చెక్కింది ఆయనే.

"ఫైల్ ఏమైనా మార్చావా అమ్మా?"

"లేదండీ. సున్నా ఆ గుంట దగ్గరే పెట్టాను," అంది మనోజ్ఞ.

"మరి గుంటకి రెక్కలొచ్చాయా?" కిరీటి వెటకారం.

"బసవయ్యగారూ, డ్రాయింగ్‌లో ఉన్నవన్నీ చెక్కారా?"

"చెక్కానండి. రెండొందల పన్నెండు." ఆయన తల ఎత్తలేదు.

హేమసుందర్ నమూనాను లైటు కింద తిప్పాడు. ఒకచోట, కందిగింజంత మేర, రంగు కొరికేసి ఉంది.

"ఇదేంటి?"

"బొద్దింకలండీ. బిల్డింగంతా అవే," అన్నాడు కిరీటి.

"బొమ్మంతా వదిలేసి ఇక్కడే ఎందుకు కొరికాయి?"

హేమసుందర్ డ్రాయింగ్‌ని నమూనా పక్కన పెట్టి చూశాడు; ఆ మచ్చ సరిగ్గా సున్నా గుంట ఉండాల్సిన చోటే ఉంది.

"బొద్దింక కొయ్యని తినదు. చింతగింజల జిగురుని తింటుంది. కొండపల్లిలో ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి, బొమ్మలో సొట్టలు పూడుస్తారు. అంతేనా బసవయ్యగారూ?"

బసవయ్య అప్పుడు తల ఎత్తాడు.

"చెక్కిన గుంటే బాబూ. రంగేసే ముందు చూస్తే పురుగు తొలిచినట్టు కనపడింది. సొట్ట బొమ్మ ఇస్తే మా పేరు పోదూ? చెయ్యి ఊరుకోలేదు. పూడ్చేశా."

"ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారమే. అన్నీ చెక్కావా అని ఈ సారు ఫోన్ చేశాడు. అప్పుడే పూడ్చింది గుర్తొచ్చింది. చెబితే డబ్బులివ్వరని నోరు మూసుకున్నా. మూడు రోజులు ఈ పాప నా వల్ల మాటలు పడింది."

"పోనీలే బాబాయ్," అంది మనోజ్ఞ.

ఆ మాటకి ఆయన మరీ కుంగిపోయాడు. జేబులోంచి బిల్లు తీసి నిలువునా చింపేశాడు.

"నాకొద్దు. ఇంకోటి చెక్కి ఇస్తా."

కిరీటి వద్దనలేదు. "సరే, వెళ్లి నీ పని చూసుకో," అన్నాడు మనోజ్ఞతో. సారీ చెప్పలేదు.

బసవయ్య చింపిన బిల్లు పద్దెనిమిది వేల ఐదు వందలు.