మీ గొంతు మాకు ముఖ్యం

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆ పూట అక్కడికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. కుర్చీలన్నీ బల్లల కిందికి తోసి ఉన్నాయి. ఎవరో వదిలేసిన కప్పు అడుగున టీ ఎండి గోధుమరంగు వలయం కట్టింది. బయట వాన. పెద్ద వాన కాదు, ఎప్పుడు ఆగుతుందా అని విసుగు పుట్టించే వాన. శుక్రవారం కట్టిన బెలూన్లలో నక్షత్రం ఆకారంది ఒకటి సగం గాలి దిగిపోయి, నా బల్ల పక్కన మోకాలి ఎత్తులో తేలుతోంది.

మా యాప్ రేటింగు నాలుగున్నర దాటిందని కట్టిన బెలూన్లు అవి. ఎనిమిది నెలల కింద అది మూడు కూడా లేదు.

గోదాముల్లో పనిచేసేవాళ్లు ఎప్పుడు లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికొచ్చారో రాసిపెట్టే యాప్ మాది. అంతకుముందు ఆ సంగతి సూపర్‌వైజర్ పెన్సిల్ చేతిలో ఉండేది. మా అక్క ఒక శీతల గిడ్డంగిలో పెట్టెలు సర్దుతుంది. పన్నెండు గంటలు నిలబడితే ఆ పెన్సిల్‌కి తొమ్మిదే కనపడేవి. మనిషి చెమటని రబ్బరుతో తుడిచేసే ఆ పెన్సిల్‌ని విరిచేయాలనే నేను ఈ ఉద్యోగంలో చేరాను. తెర మీద కనిపించే మాటలు రాయడం నా పని. గొంతు లేనివాళ్లకి గొంతునవుతానని ఇంట్లో గోడ మీద రాసుకున్నవాణ్ణి నేను.

పెద్ద గోదాములవాళ్లు మా యాప్ తీసుకోవాలంటే రేటింగు నాలుగున్నర ఉండాలన్నారు. లేకపోతే మళ్లీ పెన్సిలే. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను.

పని దిగేటప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: ‘ఈరోజు ఎలా గడిచింది?’ కింద రెండు మొహాలు. నవ్వు మొహం నొక్కితే నేరుగా యాప్ స్టోరుకి తీసుకెళ్లి ఐదు నక్షత్రాలు అడుగుతుంది. ఏడుపు మొహం నొక్కితే ‘ఏం జరిగిందో మాకు చెప్పండి’ అని ఒక గడి తెరుచుకుంటుంది. అక్కడ రాసింది లోకానికి కనపడదు. మా దగ్గరే ఒక పెట్టెలో పడుతుంది. ఆఫీసులో అందరూ దాన్ని ఏడుపు పెట్టె అనేవాళ్లు. రాసిన మరుక్షణం వాళ్లకి దానంతటదే ఒక జవాబు వెళ్తుంది: ‘ధన్యవాదాలు. మీ గొంతు మాకు ముఖ్యం.’

ఆ వాక్యం నాదే.

పెట్టె చదవడానికి మాత్రం ఎవరినీ పెట్టలేదు. పెడదాం అనుకున్నాం. అనుకుంటూనే ఉన్నాం.

ఫోన్ మోగింది. మా సార్.

“ఏం విప్లవం, వెళ్లావా ఆఫీసుకి?”

“వచ్చాను సార్.”

“రేపు ఆ పెద్ద గోదాములవాళ్లొచ్చి అన్నీ తిరగేసి చూస్తారట. ఆ ఏడుపు పెట్టె ఖాళీ చేసెయ్. వేరే కాపీ కూడా ఎక్కడా లేదు, ఒక్క నొక్కుడుతో పోతుంది.”

“ఒకసారి చదివి తీసేస్తాను సార్.”

“చెత్తబుట్ట బోర్లించేటప్పుడు కాగితాలు విప్పి చదువుతామా నాయనా?” అని నవ్వి పెట్టేశాడు.

ఎదురుగా గోడ మీద ఆయన అద్దం కట్టించి తగిలించిన సమీక్ష ఉంది. మాకొచ్చిన వేల సమీక్షల్లో ఆయనకి ప్రాణం అది. ‘చాలా మంచి యాప్. ఏ వేళ రాసినా వెంటనే జవాబిస్తారు. ఎవరో ఒకరున్నారు అనిపిస్తుంది. ఐదు నక్షత్రాలు.’ నాకూ ఇష్టమే. అలసిన రోజుల్లో దాన్ని చూసి మళ్లీ పనిలో పడేవాణ్ణి.

పెట్టె తెరిచాను. ఎనిమిది వేల పైచిలుకు.

మొదట్లో నవ్వొచ్చింది. ‘మరుగుదొడ్డికి గడియ లేదు, పాట పాడుతూ కూర్చుంటున్నాం.’ ‘సూపర్‌వైజరు మీ యాప్‌కి చుట్టమా? ఆయన నిద్రపోయిన గంటలు కూడా రాస్తోంది.’ ‘ఏడుపు మొహం మా మేస్త్రీలా ఉంది, మార్చండి.’ తర్వాత నవ్వు తగ్గింది. ఒకటి దగ్గర పూర్తిగా ఆగిపోయాను. ‘మూడో గదిలో లోపలి పిడి విరిగిపోయింది. తలుపు పడితే లోపలివాళ్లు బయటికి రాలేరు. ఎవరికి చెప్పాలి?’

దాని పక్కనున్న పనివాళ్ల నంబరు మా అక్కది. అప్పట్లో నాతో అంది, “మీ యాప్‌లో రాశానురా, కాస్త చూడు” అని. చూస్తాలే అక్కా అన్నాను.

దానికి రెండు రోజుల తర్వాత, శనివారం సాయంత్రం ఆరూ పదికి, నాలుగొందల పదిహేడో నంబరు.

‘తలుపు పడిపోయింది. మూడో గదిలో ఉన్నాను. తీయండి.’

‘ఈ ఫోన్లో మీ యాప్ తప్ప ఏదీ లేదు. కంపెనీ ఫోను. ఎవరికీ చెయ్యడానికి లేదు. ఇక్కడొక్కచోటే రాయనిస్తోంది. తీయండి.’

‘ధన్యవాదాలు అన్నారు. ఎవరండీ మీరు? అమ్మయ్య, ఎవరో ఉన్నారు.’

వేలు మౌసు మీద ఆగిపోయింది.

‘గంటన్నర నుంచి తలుపు బాదుతున్నాను. చేతులు కమిలిపోయాయి. మీరు విన్నారు కదా, ఇంక కొట్టను. అరవను కూడా. ఓపిక దాచుకుంటాను.’

అది ఏడూ నలభైకి.

అక్కకి ఫోన్ చేశాను.

“ఏరా, ఆదివారం కూడా ఆఫీసేనా? నిన్నెవరు పిండుతున్నారో నీ పుస్తకాల్లో రాయలేదా?”

“అక్కా... టోపీ బాబాయి నంబరెంత?”

టోపీ బాబాయి అక్కతో పాటు పనిచేసేవాడు. చెవుల దాకా లాగిన ఉన్ని టోపీ ఎండాకాలంలో కూడా తీసేవాడు కాదు. ఏడు నెలల కింద మూడో గదిలో శవమై దొరికాడు.

“నాలుగొందల పదిహేడు. ఎందుకు?”

“ఆ రోజు ఎనిమిదింటికి వాచ్‌మన్ అటు వెళ్లాడన్నావు కదా.”

“తలుపు పక్కనుంచే వెళ్లాడటరా. చిన్న చప్పుడు కూడా లేదట. ఉంటే తీసేవాడు కదా? అందుకేగా తాగి పడుకుని నిద్రలో పోయాడని రాసేసుకున్నారు. పిన్ని ఇప్పటికీ ఇల్లిల్లూ తిరిగి ‘మా ఆయన చుక్క ముట్టడు’ అని చెప్పుకుంటోంది. ఎవరు నమ్ముతారు... నీ గొంతేమిటి అలా ఉంది?”

“మళ్లీ చేస్తా.”

ఆయన పోయినప్పుడు గిడ్డంగి గేటు దగ్గర అట్ట పట్టుకుని గొంతు చించుకుని అరిచినవాణ్ణి నేను. ‘చంపింది చలి కాదు, మౌనం!’ అట్ట మీద ఎర్రటి అక్షరాలు. ఆ వాక్యం కూడా నాదే.

మిగతావి చదివాను. రాత్రంతా రాశాడు. వేళ్లు తిరగడం లేదని తెలుస్తూనే ఉంది, అక్షరాలు తప్పుతున్నాయి. ప్రతిదాని కిందా నా వాక్యం. చివరిది రెండూ యాభైకి.

‘మంచి మాట రాస్తే తొందరగా వస్తారేమో. పైవాళ్లకి పొగిడితేనే కదలిక. నవ్వు మొహం నొక్కుతున్నాను సార్.’

తలెత్తి గోడ వైపు చూశాను. ‘ఎవరో ఒకరున్నారు అనిపిస్తుంది.’ అద్దం కింద తేదీ... అదే రోజు.

చివరిది అనుకున్నాను. కాదు. దాని కింద ఇంకా ఉన్నాయి. వారానికొకటి. ప్రతి ఆదివారం. ఒకే మాట.

‘చదివారా?’

ఆయన ఫోను గిడ్డంగివాళ్లు ఆ వారమే పగలగొట్టి పారేశారని అప్పట్లో అక్క చెప్పింది. ఆ మాట గుర్తొస్తుండగానే, తెర అడుగున కొత్త గీత ఒకటి మెరిసింది. ఇవాళ్టి తేదీ. ఇప్పటి సమయం.

‘చదివారు.’

ఫోన్ మోగింది. ఎగిరిపడ్డాను. సార్.

“అయిందా?”

చెప్పాను. అంతా చెప్పాను. పిన్నికి ఇది చూపించాలని, తొమ్మిది గంటలు మనిషి బతికే ఉన్నాడని, తాగలేదని లోకానికి చెప్పాలని. చరిత్ర నిలదీస్తుంది అని కూడా అన్నాను. నా గొంతు నాకే అట్ట మీది అక్షరాల్లా వినిపించింది.

ఆయన తాపీగా విన్నాడు.

“చూపించు. ‘మీ గొంతు మాకు ముఖ్యం’ అని రాసిందెవరు అని అడుగుతారు. ఆ రెండు మొహాల ఉపాయం ఎవరిది అని అడుగుతారు. ఆవిడకి ఏమని చెప్తావు? మీ ఆయన్ని అరవద్దన్నది నేనేనమ్మా అంటావా? రేటింగు పోతే మీ అక్క కూడా మళ్లీ పెన్సిల్ కిందికే. ఆలోచించుకో.”

పెట్టేశాడు.

వాన శబ్దం ఒక్కటే. ‘అన్నీ తొలగించాలా?’ అని అడుగుతోంది తెర. ఎన్నో పుస్తకాలు చదివాను. ఎందరో నిలబడిన చోటు గురించి చదివాను. నేను నిలబడలేదు.

నొక్కాను.

సున్నా.

కరెంటు పోయింది.

బల్లలు, కుర్చీలు, గోడలు బూడిదరంగులోకి వెళ్లిపోయాయి. ముందు వాసన వచ్చింది. తడిసిన అట్టపెట్టెలు, థర్మాకోల్, చల్లటి ఇనుము. అక్క పని నుంచి రాగానే ఆమె బట్టల్లోంచి వచ్చే వాసన. ఆ తర్వాత చలి. ఏసీ లేదు, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అయినా నా ఊపిరి నాకు తెల్లగా కనిపిస్తోంది. నక్షత్రం బెలూన్ మెల్లగా కుంచించుకుపోయి నేలకి ఆనింది.

లేచి తలుపు దగ్గరికి నడిచాను. మసక అద్దం తలుపు. కరెంటు పోతే దానంతటదే తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. పిడి పట్టుకుంటే అరచెయ్యి అంటుకుపోయింది.

అద్దానికి అవతల ఎవరో నిలబడి ఉన్నారు.

కదలడం లేదు. పొట్టి మనిషి. తల మీద ఏదో... చెవుల దాకా.

“ఎవరు?” అన్నాను.

జేబులో ఫోన్ వణికింది. సిగ్నల్ లేదు. తెర మీద మా యాప్ ఒక్కటే ఉంది, మిగతావన్నీ మాయం. దాని మీద ఒక గీత.

‘తలుపు కొట్టను సార్. విన్నామన్నారుగా.’

అరిచాను. రెండు చేతులా తలుపు బాదాను. అవతలి ఆకారం ఓపిగ్గా నిలబడే ఉంది. ఎంతసేపు బాదానో తెలియదు. వేళ్లు మొద్దుబారాయి. పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. తెర మీద ఆ ప్రశ్న వచ్చింది. ‘ఈరోజు ఎలా గడిచింది?’ రెండు మొహాలు. ఏడుపు మొహం నొక్కాను. గడి తెరుచుకుంది. వంకర అక్షరాలతో రాశాను.

‘తలుపు తీయండి. మూడో అంతస్తు.’

జవాబు వచ్చింది. నా వాక్యం కాదు.

‘చదివాను. చెప్పొస్తాను.’

అది చూడగానే నా చేతులు తలుపు మీంచి జారిపోయాయి. అమ్మయ్య, అనుకున్నాను... ఎవరో ఉన్నారు. అరవడం ఆపేశాను. ఓపిక దాచుకుందామని గోడకి జేరబడి కూర్చున్నాను.

అద్దానికి అవతల ఇప్పుడెవరూ లేరు.

మా వాచ్‌మన్ వచ్చి తలుపు తీసేసరికి నా పెదాలు నల్లబడ్డాయట.

“ఎవరో పెద్దాయన కిందికొచ్చి చెప్పాడు బాబూ. ‘పిల్లోడు పైన ఉండిపోయాడు, తలుపు తీయండి’ అని. వానలో తడిసినట్టున్నాడు, గడగడా వణుకుతున్నాడు పాపం. టీ తాగి పొమ్మంటే, చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి అని వెళ్లిపోయాడు.”

మర్నాడు ఉద్యోగం మానేశాను. గుర్తున్నంతవరకు బాబాయి రాతలన్నీ కాగితం మీద రాశాను. నా వాక్యం ఒక్కటీ అందులో పెట్టలేదు... పెట్టలేకపోయాను. పిన్ని దగ్గరికి తీసుకెళితే అక్క చదివి వినిపించింది. పిన్ని చివరి దాకా విని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

“బాగా రాశావు బాబూ. గేటు దగ్గర అట్ట మీద కూడా ఇలాగే రాశావు. రాతలెవరికి కావాలి? ఆయన నోటితో ఆయన చెబితే నమ్ముతారు గానీ.”

ఫోన్ మార్చాను. నంబరు మార్చాను. ఆ యాప్ నా దగ్గర లేదు. అయినా ప్రతి ఆదివారం అదే వేళకి తెర వెలిగి, ఆ రెండు మొహాలు వస్తాయి. ఏదీ నొక్కను. కాసేపు చూసి వాటంతటవే పోతాయి.

ఇవాళ పోలేదు. మొహాల కింద ఒక గీత ఉంది.

‘మీరు చెప్పలేదు కదూ. నేనే చెప్పొస్తాను.’

ఇందాకే అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

“నేను పిన్ని వాళ్లింట్లో ఉన్నానురా. ఇంత ఎండలో పొద్దుటి నుంచి గుమ్మం ముందు తడి. తుడిస్తే మళ్లీ వస్తోంది. తలుపు అవతల ఎవరో నిలబడ్డారు... పిన్ని తీస్తానంటోంది.”

“ఎవరో అడుగక్కా. తలుపు కొడుతున్నారా?”

“లేదురా” అంది అక్క. “అదే... కొట్టడం లేదు.”