ఏబేలు ఆగిన చోట

ఏబేలుకు కంప్యూటర్‌తో మాట్లాడడమంటే ఎంత ఇష్టమో, మనుషులతో మాట్లాడడమంటే అంత భయం. ఇద్దరికి మించి మనుషులు కనబడితే చాలు, నాలుక అంగిలికి అతుక్కుపోయేది. అలాంటివాడిని తీసుకొచ్చి మార్కాపురంలో ముప్పై మంది ముందర, చేతికి మైకిచ్చి నిలబెట్టారు.

ఆ ముప్పై మందీ అతను చేసే పనే చేసేవాళ్లు. బ్యాంకులవీ ఆసుపత్రులవీ వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేసులను కంటికి రెప్పలా కాచుకోవడం వాళ్ల ఉద్యోగం. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని సొంతూళ్లకు వచ్చినవాళ్లు, వచ్చినట్టే ఉండిపోయారు. గిద్దలూరులో ఒకరు, యర్రగొండపాలెంలో ఒకరు, త్రిపురాంతకంలో మన ఏబేలు. కంపెనీలు మాత్రం ఊరుకుంటాయా? "క్లౌడ్ నేర్చుకున్నావా? ఆటోమేషన్ వచ్చా?" అని గుచ్చుతూనే ఉంటాయి. ఒంటరిగా కుస్తీ పట్టే బదులు కలిసి నేర్చుకుందామని నెలకు రెండు ఆదివారాలు మార్కాపురంలో చేరడం మొదలుపెట్టారు. పలకల వ్యాపారి పుల్లారావు తన గోడౌన్ మీది హాలును అద్దె లేకుండా ఇచ్చాడు.

"రేపు మార్కాపురం జిల్లా అయితే మీది జిల్లా మీటింగే గదా! నా హాలుకు పేరొస్తాది" అని ఆయన ధీమా.

ఆ రోజు ఏబేలు చెప్పాల్సింది, పోయిన డేటాను తిరిగి తేవడం ఎలాగో. ఆ పనిలో అతనిది అందెవేసిన చెయ్యి. నమస్కారం పెట్టాడు, రెండు స్లైడులు చెప్పాడు. మూడో స్లైడు దగ్గర తల ఎత్తి జనాన్ని చూశాడు. అంతే, ఆగిపోయాడు.

ఎవరో దగ్గారు. ఏబేలు చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇంతలో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి చకచకా ముందుకొచ్చి, అతని చేతిలో మైకు తీసుకుని, అతను ఆగిన వాక్యంలోంచే అందుకుంది. చివరిదాకా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏబేలుకు ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే ఉన్నాయి.

మీటింగు కాగానే కిందికి దిగి చూస్తే, ఆ అమ్మాయి పలకల పెట్టెల మధ్య నిలబడి తాపీగా టీ తాగుతోంది.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారండీ?" ఒక్కరే ఉన్నారు కాబట్టి అతనికి మాట వచ్చింది.

"ఎవరూ రమ్మనలే. మీరు ఆగిపోయినారు, నేను వచ్చినా."

"ఒక్క నిమిషం ఆగుంటే నేనే చెప్పేవాణ్ణి."

"ఆగినా. ఫ్యాను చూసినా, గోడ చూసినా, గోడమీద బల్లిని చూసినా. ఇంక చూసేదానికి ఏమీ లేక లేచినా."

ఆమె ఊరుకోలేదు.

"ఇంకోటి. ఆదివారం పదింటికి మీటింగు పెట్టిన మహానుభావుడెవరు? మా నాయన బేస్తవారిపేట చర్చిలో సంఘపెద్ద. పుట్టినాక మొదటిసారి ఆరాధన ఎగ్గొట్టి వచ్చినా. ఎందుకయ్యా అంటే, మీ మౌనం వినేదానికి!"

"నేనూ ఎగ్గొట్టే వచ్చినా," అనేశాడు ఏబేలు. "మా అమ్మకు జ్వరమని మా సంఘంలో అబద్ధం చెప్పినా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. ఆ నవ్వులో అతని కోపం ఎటు పోయిందో అతనికే తెలియదు.

ఆమె పేరు యేసుమణి. ఇంట్లోనూ ఆఫీసులోనూ మణి.

మెట్ల మీంచి ఇదంతా వింటున్న జయలక్ష్మి అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చింది. గిద్దలూరు నుంచి వచ్చే జయలక్ష్మి ఒక బ్యాంకు డేటాబేసులను ఏళ్ల తరబడి చూస్తున్న మనిషి. అందరికీ అక్క. ఆమె మాటకు ఎదురు లేదు.

"మన డేటాబేసులకు స్టాండ్‌బై ఎందుకు పెడతాం? అసలుది ఒక ఊళ్లో, దాని జంట ఇంకో ఊళ్లో. ఇక్కడ రాసిన ప్రతి అక్షరం అక్కడికి పోతా ఉంటాది. ఇది ఆగిందనుకో, ఆగిన చోటినుంచే అది అందుకుంటాది. ఆ సుఖం మనుషులకు మాత్రం ఎందుకుండకూడదు? ఇకమీదట మైకు పట్టే ప్రతి ఒక్కరికీ ఒక స్టాండ్‌బై. చెప్పేదంతా ముందే ఇద్దరూ నేర్చుకుని రావాల. ఏబేలుకు మణి. మీటింగు ఇంక మధ్యాహ్నం రెండింటికి. దేవుడితో మనకెందుకు గొడవ?"

అలా మొదలైంది. ఏబేలు చెప్పబోయేదంతా మణికి ఫోనులో అప్పజెప్పేవాడు. "ఈ ముక్క నాకే అర్థం కాలేదు, పుల్లారావు మామకేం అర్థమైతాది?" అని ఆమె దులిపేసేది. క్లౌడ్ కబుర్లలోంచి మాట ఊరి కబుర్లలోకి జారేది. మణి వాళ్ల నాయన నిత్యానందం ఒకప్పుడు మిరప కోతలకు కూలీల ముఠాను నడిపిన మేస్త్రీ అనీ, ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద అన్నం ఉడికి దిగేదాకా ఆగదనీ తెలిసింది. తన తల్లి అన్నమ్మ పొలం పనులకు పోయి తనను చదివించిన సంగతి ఏబేలు ఆమెకు చెప్పాడు. అది ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి. "మీ అమ్మను ఒకసారి చూడాల" అంది మణి. అప్పటికి "మీరు" పోయి "నువ్వు" వచ్చేసింది.

ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏబేలు మైకు పట్టడం, మధ్యలో ఆగడం, పక్క కుర్చీలోంచి మణి లేచి అందుకోవడం అందరికీ అలవాటైంది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఈమధ్య అతను కావాలనే ఆగుతున్నాడు. ఆమె లేచి, మైకు కోసం చెయ్యి చాచి, "ఇయ్యి" అన్నట్టు కనుబొమ్మ ఎగరేస్తుంది చూడండి, ఆ ఒక్క చూపు కోసం ఎన్ని స్లైడులైనా మరిచిపోవచ్చు అనిపించేది.

ఒకరోజు జయలక్ష్మి ఫోన్ చేసింది.

"ఏబేలూ, ఈసారి నువ్వొక్కడివే చెప్పాల. నీకు స్టాండ్‌బైగా ఉండనంది మణి."

"ఎందుకక్కా?"

"నేనూ అడిగినా. వద్దంతే వద్దంది."

ఏబేలుకు తాను ఏం తప్పు చేశాడో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. మణికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బాధ కాస్తా ఆదివారానికి కోపమైంది.

ఆ కోపంతోనే మైకు పట్టుకున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. మణి వెనక వరసలో కూర్చుని, అతన్ని తప్ప హాల్లో అన్నిటినీ చూస్తోంది. చూడు, చూడు, బల్లినే చూడు అనుకుని మొదలుపెట్టాడు. పాత డేటాబేసును పనికి అడ్డం రాకుండా క్లౌడ్‌లోకి ఎలా మార్చాలో మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చెప్పాడు. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చాడు. చప్పట్లు మోగాయి.

"ఏందబ్బాయ్, నీకు నోరుందా!" అన్నాడు పుల్లారావు, వెనక నిలబడి అంతా విని.

ఏబేలు ఎవరినీ పట్టించుకోకుండా కిందికి పరుగెత్తాడు. బయట వాన దంచుతోంది. గోడౌన్ ముందు రేకుల పంచ కింద మణి నిలబడి ఉంది. అతను దారికి అడ్డంగా వెళ్లి వానలోనే నిలబడ్డాడు.

"నేనేం తప్పు చేసినా?"

"తడుస్తున్నావు. ముందు ఇట్ల రా."

"ముందు చెప్పు. నేనంటే నీకు విసుగొచ్చిందా?"

"నేను పక్కన కూచుంటే నువ్వు ఈ జన్మలో మాట్లాడలేవు. కావాలనే ఆగుతున్నావని నాకు తెలీదనుకుంటివా?"

ఏబేలు చెవులు ఎర్రబడ్డాయి. "సరే. ఇప్పుడు మాట్లాడినా గదా. దానివల్ల నీకేంది?"

"మా నాయనతో మాట్లాడాల నువ్వు."

"మీ నాయనతోనా? దేని గురించి?"

"క్లౌడ్ గురించి!" మణి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఏబేలూ, లోకంలో ఏ డేటానైనా వెనక్కి తెస్తావు గానీ, నీ బుర్రను మాత్రం ఎవురూ తేలేరు."

అప్పుడు అర్థమైంది అతనికి. అర్థమయ్యాక వాన ఉందో లేదో కూడా తెలియలేదు. పిచ్చివాడిలా నవ్వుతూ నిలబడ్డాడు.

"నవ్వింది చాల్లే, విను," అంది మణి. ఆమె ముఖంలోనూ నవ్వు ఆగడం లేదు. "మా నాయన దగ్గర పెద్దమనుషుల రాయబారాలు పనిచేయవు. నోరు విప్పి అడిగినోడికే పని ఇచ్చినా, పిల్లనూ అట్లనే ఇస్తా అంటాడు. మొన్న ఒంగోలు సంబంధమోళ్లు వస్తే, పిల్లోడు ఫోను చూసుకుంటా కూచున్నాడని టీ ఇచ్చి పంపించేసినాడు. వచ్చే నెల ఇంకొకరు వస్తున్నారు. ఆ పిల్లోడు మాటకారంట. వాళ్లు రాకముందే నువ్వు రావాల. అక్కడ నేను నీ పక్కన కూచునేదానికి కుదరదు. అందుకే ఈ అలవాటు చేసినా."

ఆ వారమంతా ఫోనులో తర్ఫీదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మొదటి పిలుపు దగ్గరే వచ్చింది.

"మీ నాయనను ఏమని పిలవాల? ఊళ్లో ఆ వయసు వాళ్లను బాబాయ్ అంటాను."

"బాబాయ్ అంటే నేను నీకు చెల్లెలిని అయిపోతా. ఇంటికి పోయి పడుకో ఇంక."

"పోనీ మామా అంటే?"

"పిల్లను అడగకముందే మామ అంటావా? తలుపేస్తాడు. చక్కగా అంకుల్ అను. నమస్తే అంకుల్, నా పేరు ఏబేలు, మాది త్రిపురాంతకం. చెప్పు."

చెప్పాడు. వందసార్లు చెప్పి ఉంటాడు. బైకు మీద బేస్తవారిపేట పోతూ కూడా హెల్మెట్ లోపల అదే చెప్పుకున్నాడు.

ఆరాధన ముగించి వచ్చిన నిత్యానందం తెల్లచొక్కాతో వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన భార్య సామ్రాజ్యం టీ పళ్లెంతో నిలబడింది. మణి లోపలి గదిలో, తలుపు వెనక. బయటికి రానని మాటిచ్చింది.

"రా నాయనా, కూచో. మా మణితో మార్కాపురం మీటింగులకు వచ్చే పిల్లోడివంట గదా. ఏం పని మీద వచ్చినావు?"

ఆ గొంతు వినగానే ఏబేలు నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. నోరు తెరిచాడు.

"మామా..."

అని ఆగిపోయాడు.

నిత్యానందం కనుబొమలు పైకి లేచాయి. సామ్రాజ్యం పళ్లెంలో గ్లాసులు గలగలమన్నాయి. ఏబేలు గోడకేసి చూశాడు. ఇక్కడ బల్లి కూడా లేదు. ఈ ఒక్క మాటా చెప్పలేకపోతే మణి ఇంకెవరింటికో వెళ్లిపోతుంది. అది తెలుసు. అయినా మాట రావడం లేదు.

లోపల మణి పళ్లు బిగబట్టుకుని కాసేపు ఓపిక పట్టింది. ఇంక పట్టలేకపోయింది. విసురుగా వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుని, అలవాటు చొప్పున ఆగిన చోటినుంచే అందుకుంది.

"నా పేరు ఏబేలు. మాది త్రిపురాంతకం."

"నీ పేరు ఏబేలా?" అన్నాడు నిత్యానందం కూతురిని చూసి.

"నాయనా, మధ్యలో మాట్లాడొద్దు, మరిచిపోతా. మా అమ్మ అన్నమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. నాకు ఏ చెడు అలవాటూ లేదు. కొత్త పని వస్తే భయపడకుండా నేర్చుకుంటా. మీ అమ్మాయంటే నాకు..."

ఇన్నాళ్లలో ఎన్నడూ తడబడని మణి అక్కడ ఆగింది. ముఖం కందిపోయింది. తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుంది.

ఆమె అలా ఆగడం ఏబేలు ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"ఇష్టం. మీ అమ్మాయంటే నాకు ప్రాణం మామా. ఆమెను నాకిచ్చి పెళ్లి చేయమని అడిగేదానికి వచ్చినా. ఒంటరిగా మాట్లాడటం ఇప్పుడు నాకు వచ్చు. ఆమే నేర్పించింది. కానీ ఆమె పక్కన ఉంటేనే మాట్లాడాలనిపిస్తాది."

నిత్యానందం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అడగాల్సినోడే నోరు విప్పి అడగాల అంటి. పిల్ల కూడా వచ్చి వాని తరపున అడుగుతాదని నేననుకోలేదే!" భార్యవైపు తిరిగాడు. "ఏమంటావు?"

"మొదటి మాటే మామా అన్నాడు. ఇంక నేననేదేముంది?" అంది సామ్రాజ్యం నవ్వు దాచుకుంటూ.

"అయితే కళ్లు మూసుకోండి. ప్రార్థన చేద్దాం."

అన్నం ఉడికేదాకా ఆగదని మణి చెప్పిన ప్రార్థన అది. ఏబేలు కుదురుగా కళ్లు మూసుకున్నాడు. నిత్యానందం గొంతు గంభీరంగా లేచింది. "ప్రేమగల తండ్రీ, నీకు వందనాలు. నువ్వు మాకిచ్చిన ఒక్కగానొక్క బిడ్డ యేసుమణిని..."

ఆగిపోయాడు. సంఘంలో ఎంతమంది ముందరైనా తడుముకోని మనిషికి కూతురి పేరు దగ్గర మాట పెగల్లేదు.

పక్కనే టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ సామ్రాజ్యం కళ్లు తెరవలేదు. గొంతు కూడా సవరించుకోలేదు. ఆయన ఆగిన మాటలోంచే మెల్లగా అందుకుంది. "యేసుమణిని ఈ పిల్లోడి చేతిలో పెడుతున్నాము తండ్రీ. ఇద్దరినీ చల్లగా చూడు. ఒకరు ఆగితే ఒకరికి మాటియ్యి."

ఏబేలు ఉండబట్టలేక ఒక కన్ను తెరిచాడు. మణి కూడా ఒక కన్ను తెరిచే ఉంది.