ఎవరూ తుడవని బెల్టు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన మండాల్సిన వేళ ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడిపోయింది. ఉరుము మీద ఉరుము... ఆ భీకర గర్జనలకు కార్లు కడిగే షెడ్డు రేకులు గడగడలాడుతున్నాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది. పట్టపగలు గుడ్లగూబ కూయడమేమిటని అడగకండి, దానిక్కూడా రాత్రనే అనిపించి ఉంటుంది.

పనివాళ్ళంతా భోజనాలకు వెళ్ళారు. షెడ్డు వెనకాల, ఎవరూ అడుగు పెట్టకూడని గదిలో ఒక నల్ల కారు ఉంది. దాని అద్దాలకు లోపలినుంచి నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. వెనక సీటులో పద్మాసనం వేసుకుని, నిమీలిత నేత్రాలతో కూర్చున్నాడు ఆ షెడ్డు ఓనరు!

నున్నటి గుండు. కనుబొమలు సైతం గొరిగించుకున్న వికృత ముఖం. చేతులకు రబ్బరు గ్లౌజులు. ఎదురుగా, ముందు సీట్ల నడుమ మోచెయ్యి ఆనించుకునే దిమ్మ మీద... కపాలం! దాని శూన్య నేత్రకుహరాల చుట్టూ ఒక ఆడపిల్ల తలవెంట్రుక చుట్టి ఉంది.

"హ్రీం... క్రోం... పట్టు! సందెవేళకు ప్రాణం తీసుకురా!"

అక్కడికి రెండు వీధుల అవతల, ఒక ఇరుకు గదిలో మంచానికి కట్టేసిన పిల్ల కెవ్వున అరిచి విల్లులా వంగిపోయింది. ఆ వెంట్రుక ఆ పిల్లదే.

ఈ ఓనరు సంగతి చెప్పాలి. కార్ల లోపలి భాగం శుభ్రం చెయ్యడంలో వాడిది పెద్ద పేరు. సీట్లకు షాంపూ, డాష్‌బోర్డుకు పాలిష్, ఏసీ సందుల్లోకి సన్న బ్రష్షు... అన్నీ చేయించేవాడు. కానీ వాక్యూమ్ సంచిలో పడ్డ చెత్తను మాత్రం ఎవరూ పారెయ్యకూడదు. అది నేరుగా వాడి చేతికే వెళ్ళాలి. ఎంత శుచీ శుభ్రతా అని మురిసిపోయారు పనివాళ్ళు. వాడి శుభ్రత మండిపోను! సీటు తలదిండుకు అంటుకున్న వెంట్రుకలు, మ్యాట్ల కింద చేరిన గోళ్ళు... అవే వాడి పూజాద్రవ్యాలు. ఎన్ని సంసారాలను కూల్చాడో, ఎంతమందిని మంచాన పడేశాడో ఆ కపాలానికే తెలియాలి.

ఆ షెడ్డులో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పని చేసేవాళ్ళు. ఒకరోజు ఓనరు చెల్లెలి నడుం మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల చేతిలో ఉన్న తడిగుడ్డతో వాడి మొహం మీద చెళ్ళున కొట్టింది, అందరి ముందూ. వాడు నవ్వి ఊరుకున్నాడు. మర్నాటినుంచి ఆ పిల్ల నోట ఇంకెవరిదో ఆడగొంతు పలికింది. తిండి లేదు, నిద్ర లేదు. ఎముకల గూడై పోయింది.

ఇవాళ పొద్దున అక్కను పిలిచి వాడే చెప్పాడు. "దీపాలు పెట్టే వేళకి మీ చెల్లి ఉండదు. చేసింది నేనే. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

అక్క ఇంటికి పరుగెత్తింది. చెల్లెలి గొంతులోంచి పలుకుతున్న పిశాచాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. దుమ్మెత్తి పోసింది.

"నన్నెందుకు తిడతావే?" అంది పిశాచం. "వాడి నల్ల కారులో ఉన్న నా కపాలం మీద ఎవరి ఒంటిది పెడితే వాళ్ళని పడతాను. అంతే. పెట్టిన చెయ్యి ఎవరిదో నాకు అనవసరం."

అక్క తిట్లు ఆగిపోయాయి. "మరి వాడిదే పెడితే?"

ఆ పిల్ల ఎండిన పెదవుల మీద భయంకర మందహాసం పాకింది. "నన్ను కట్టేసి, పూజ లేనప్పుడల్లా డిక్కీలో, స్టెప్నీ పెట్టే గుంటలో కుక్కేది వాడే. ఒక్కసారి పెట్టి చూడు..."

"వాడి ఒంటి మీద వెంట్రుకే లేదు కదే," అంది అమ్మ ఏడుస్తూ. నిజమే. గోళ్ళు కత్తిరించిన వెంటనే కాల్చేస్తాడు. గ్లౌజులు లేనిదే స్టీరింగు ముట్టుకోడు. సీటు మీద ప్లాస్టిక్ కవరు వేసుకుని, దిగగానే దాన్నీ తగలబెడతాడు. తన కారును వేరే చెయ్యి తాకనివ్వడు.

అమ్మ తెల్లటి తడిగుడ్డతో చెల్లెలి మెడ తుడుస్తోంది. గుడ్డ మీద మడ్డి చార పడింది. అక్క ఆ చార వైపే చూస్తూ ఉండిపోయింది.

సీటు బెల్టు! డ్రైవరు మెడకు రోజూ రాసుకునే బెల్టు. ఎంత మురికి కారులోనైనా అంతకంటే మురికిది ఉండదు. దాన్ని పూర్తిగా బయటికి లాగి, సబ్బునీళ్ళతో రుద్ది, ఆరేదాకా లోపలికి పోకుండా క్లిప్పు పెట్టాలి. ఆ పనికి ఒక పూట పడుతుంది. "బెల్టు ఎవడు చూస్తాడు? వదిలెయ్యండి" అని ఆ పని మాన్పించింది ఈ ఓనరే. అలా వదిలెయ్యడం అలవాటై తన కారులో కూడా వదిలేశాడు.

చెల్లెలి చెమట అంటిన ఆ గుడ్డ పనికిరాదని పక్కన పెట్టించి, ఇంకో తెల్లగుడ్డ తడిపి పట్టుకుని బయల్దేరింది అక్క.

ఇప్పుడు ఆ నల్ల కారు పక్కన నిలబడి ఉంది. భయం వేసింది, కానీ భయం కంటే కసి ఎక్కువగా ఉంది. పిడుగు పడ్డ చప్పుడులో డ్రైవరు తలుపు తీసింది. తలుపు తీస్తే లోపల లైటు వెలగాలి. క్షుద్రపూజకు వెలుతురు పనికిరాదని వాడే ఆ లైటు ఆపుకున్నాడు. వాడి మంత్రం సాగుతూనే ఉంది.

అక్క బెల్టు పట్టుకుని మెల్లగా... మెల్లగా లాగింది. మెడ దగ్గర ఆనే చోట తడిగుడ్డ బిగించి రుద్దింది. ఏళ్ళ తరబడి ఇంకిన చెమట జిగురులా వచ్చింది. గుడ్డ నల్లగా మారింది. అంతలో బెల్టు చేతిలోంచి జారి సర్రున లోపలికి పోయింది. ఠక్!

వాడు కళ్ళు తెరిచాడు. ఎర్రటి నిప్పుకణికల్లాంటి కళ్ళు!

"ఎవరది?"

అక్క సీట్ల మధ్యకు వంగి, కపాలం మీదున్న చెల్లెలి వెంట్రుకను ఒక్క లాగున తెంపేసింది. ఆ గుడ్డను దాని నెత్తిన కప్పింది.

"మీ బెల్టు తుడిచాను సార్," అంది.

అక్క వెనక్కి దూకింది. తలుపు దానంతటదే దభాలున మూసుకుంది. నాలుగు తాళాలూ పడ్డాయి. కారు పునాదులు కదిలినట్టు ఊగింది. లోపల వెనక సీటు బెల్టు సర్రుమని సాగిన చప్పుడు... వాడి గొంతు కీచుమంది.

"నేను నీ యజమానిని! వదులు!"

లోపల ఎవరో ఆడమనిషి నవ్వింది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న నవ్వు అది.

అక్క ఫోను మోగింది. అమ్మ.

"లేచిందే. నన్ను అమ్మా అని పిలిచింది. అన్నం పెట్టమంటోంది." అమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది.

అక్క కారుకు చేరగిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "మెత్తగా కలిపి పెట్టమ్మా. కొంచెం ఆగి వస్తాను."

లోపలినుంచి వాడు అద్దాన్ని టపటపా కొడుతున్నాడు. "విన్నాను! నీ చెల్లెలు బాగుపడింది కదా, ఇంక నాతో పనేంటి? లోపలినుంచి రావడం లేదు, బయటినుంచి తియ్యి తల్లీ! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

అక్క హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. తాళం వాడికే పడింది, ఆమె చేతికి అది కదులుతోంది. లాగితే వచ్చేస్తుంది. అవును, చెల్లెలు బాగుపడింది. ఇంక వాడితో పనేమీ లేదు. ఆ మాట ఆమెకూ తెలుసు.

"మా చెల్లి కూడా బతిమాలింది సార్," అంది మెల్లగా. "మంచానికి కట్టేస్తుంటే, వద్దక్కా అని."

వర్షం కుండపోతగా మొదలైంది. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి అలాగే నిలబడింది. అరుపులు మూలుగులయ్యాయి. మూలుగులు సన్నగిల్లాయి. అద్దం మీద దెబ్బలు ఒకటొకటిగా తగ్గి, పూర్తిగా ఆగిపోయాయి.

అప్పుడు లాగింది తలుపు.