ఇంట్లో ఎవరూ లేరట!

"కదలకు! ఒక్క స్క్రూ కింద పడిందంటే ఇక సోఫా కిందే వెతుక్కోవాలి," అంది అమ్మ స్టూలు మీద నుంచి.

పిడుగు అరచేతిలో నాలుగు స్క్రూలు పట్టుకొని ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆ పిల్ల అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. పుట్టగానే పెట్టిన కేక విని అమ్మమ్మ "అమ్మో, పిడుగు!" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు పదేళ్ళు నిండాయి. పేరూ మారలేదు, కేకా తగ్గలేదు.

ఇళ్ళకూ దుకాణాలకూ అలారాలు బిగించడం అమ్మ పని. కానీ సొంత ఇంటికి మాత్రం మొన్నటిదాకా తాళంకప్పే దిక్కు. "ఊళ్ళో తలుపులన్నిటికీ చెవులు పెట్టొచ్చావు, మన తలుపు చెవిటిదిగానే ఉండాలా?" అని అమ్మమ్మ ఏడాదిపాటు దెప్పింది. ఆ పోరు పడలేక అమ్మ ఈ వారమే అలారం తెచ్చింది. ముందు తలుపుకొకటి, వెనక తలుపుకొకటి, అగ్గిపెట్టెంత సెన్సర్లు అంటించింది. వరండాలో సైరన్ బిగించింది. ఇప్పుడు హాలు మూలన గోడ మీద ఆఖరి సెన్సర్ పెడుతోంది. దాని ముందు మనిషి కదిలితే చాలు, పసిగట్టేస్తుంది.

హాల్లో బల్ల మీద హబ్ ఉంది. అది ఒక తెల్ల డబ్బా. లైటు వెయ్యమంటే వేస్తుంది, ఫ్యాను ఆపమంటే ఆపుతుంది, అడిగినదానికి బదులు చెబుతుంది.

"ఈ అలారమూ ఆ హబ్బూ ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్ళలా ఉన్నాయి. ఇవాళ కలపాలి," అంది అమ్మ స్టూలు దిగుతూ.

"కలిపాక కొట్టుకోవు కదా?" అంది అమ్మమ్మ. కిటికీ పక్క కుర్చీలో కూర్చొని పిడుగు యూనిఫాం చొక్కాకి గుండీలు కుడుతోంది.

"కొట్టుకోవమ్మా. దొంగ వస్తే అలారం హబ్‌కి చెబుతుంది. హబ్ ఇంట్లో లైట్లన్నీ వేసి, మన ఫోన్లకి కబురు పంపుతుంది."

"వీళ్ళ కబుర్లన్నీ అయ్యేదాకా దొంగ కూర్చుంటాడా పాపం!"

పిడుగు పకపకా నవ్వింది. ఒక స్క్రూ కింద పడనే పడింది.

అమ్మ అలారం వెనక చిన్న బటన్ నొక్కి పట్టుకుంది. ఫోనులో ఏవో అంకెలు కొట్టింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత హబ్ గొంతు సవరించుకున్నట్టు టింగుమని, "అలారం కలిసింది," అంది.

"రూల్ నేను రాస్తా! నేను రాస్తా!" అని పిడుగు గంతులేసింది.

ఎప్పుడు ఏం చెయ్యాలో హబ్‌కి చెప్పేదే రూల్. లైట్ల రూల్స్ అన్నీ పిడుగే రాసింది. అమ్మ పాత ఫోను ఇప్పుడు పిడుగుది. అందులో యాప్ ఉంది.

"సరే, విను," అంది అమ్మ. "అలారానికి రెండు పద్ధతులు. 'ఇంట్లో' అని పెడితే తలుపులు మాత్రమే కాపలా కాస్తాయి, మనం లోపల హాయిగా తిరగొచ్చు. 'బయట' అని పెడితే ఈ మూలనున్న సెన్సర్ కూడా లేస్తుంది. హాల్లో ఎవరు కదిలినా సైరనే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానంతటదే 'బయట'కి మారాలి. అలా రూల్ రాయి."

అంతలో అమ్మ ఫోన్ మోగింది. మందుల దుకాణంలో అలారం మోగడం మొదలుపెట్టి, ఎంతకీ ఆగడం లేదట. అమ్మ పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

"రాసి ఉంచు. ఆన్ మాత్రం చెయ్యకు. నేనొచ్చి చూశాకే."

"సరే సరే," అంది పిడుగు ఫోనులోంచి తల ఎత్తకుండా.

అమ్మ వెళ్ళిపోయింది. అమ్మమ్మ సూది దారం సర్దుకొని కునుకు తీయడానికి వెనక గదిలోకి వెళ్ళింది. నాన్న బస్సు డ్రైవరు. సాయంత్రం దాకా డ్యూటీలోనే ఉంటాడు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని యాప్ అడిగింది. కింద మూడు ఫోన్లు చూపించింది. అమ్మ ఫోను, నాన్న ఫోను, పిడుగు ఫోను. పిడుగు మూడింటికీ టిక్కు పెట్టింది. 'ఈ ఫోన్లన్నీ ఇల్లు దాటితే అలారం బయట పద్ధతికి మారాలి.' రూల్ చక్కగా కుదిరింది. పక్కన బటన్ బూడిద రంగులో ఉంది. నొక్కితే పచ్చగా మారుతుంది.

అమ్మ రాగానే "అంతా అయిపోయింది, చూసుకో!" అంటే ఎలా ఉంటుంది? అమ్మ కళ్ళు ఇంతింతవుతాయి. పిడుగు బటన్ నొక్కింది. పచ్చబడింది.

మూడింటికి స్నేహితురాలు గేటు దగ్గర నుంచి బ్యాటు ఊపింది. పిడుగు ఫోను సంచిలో పడేసుకుంది.

"అమ్మమ్మా! ఆడుకోడానికి వెళ్తున్నా!" అని కేకేసి, తలుపు లాగి పరిగెత్తింది.

మైదానం మూడు వీధుల అవతల. ఆట మొదలైతే పిడుగుకి లోకం కనబడదు. చెట్టులో ఇరుక్కున్న షటిల్ కాక్ కోసం రాళ్ళు రువ్వి, అది దొరికాక గెలిచిందెవరని గొడవపడి, చివరికి నీళ్ళకోసం సంచి తెరిచేసరికి అయిదయింది.

ఫోను మీద రెండు కబుర్లున్నాయి.

'3:20. హాల్లో కదలిక. సైరన్ మోగుతోంది.'

'3:26. హాల్లో కదలిక. సైరన్ మోగుతోంది.'

ఆ తర్వాత ఏమీ లేదు.

పిడుగు వెంటనే అమ్మకి ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"అమ్మా! మనింట్లో దొంగ పడ్డాడు! మన అలారం పట్టేసింది!" భయంలోనూ ఆ 'మన అలారం' అన్నప్పుడు పిడుగు గొంతులో కాస్త గొప్ప వినబడింది.

"ఉండుండు. నేను నిచ్చెన మీద ఉన్నా, ఫోను చూడలేదు. తలుపు తెరిచినట్టు వచ్చిందా?"

"లేదు. హాల్లో కదలిక, అంతే."

"తలుపు తియ్యకుండా దొంగెలా వస్తాడే? ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా! అందరం బయటే ఉన్నాం. అందుకేగా అలారం..."

మాట సగంలోనే ఆగింది.

"అమ్మమ్మ," అంది పిడుగు, తనకే సరిగా వినబడనంత చిన్నగా.

"రూల్ ఆన్ చేశావా?"

"చేశా."

"ఇక్కణ్ణుంచే అలారం ఆపేస్తున్నా. నేనూ బయల్దేరా. నువ్వు పరిగెత్తు."

ఆడుకోడానికి వెళ్ళినప్పటికంటే వేగంగా వెనక్కి పరిగెత్తింది పిడుగు. మూడు వీధులూ ముప్ఫై వీధులయ్యాయి.

తలుపు తీసేసరికి ఇంట్లో లైట్లన్నీ పట్టపగలే వెలుగుతున్నాయి. హాలు మధ్యలో, కుర్చీ అంచున, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని అమ్మమ్మ కూర్చుంది. ఫొటో తీయించుకునే మనిషిలా బిగుసుకుపోయి ఉంది. తల తిప్పలేదు. కళ్ళు మాత్రం పిడుగు వైపు తిరిగాయి.

"ఆగు, లోపలికి రాకు!" అంది గుసగుసగా. "కదిలితే అరుస్తుంది."

"ఆపేశాం అమ్మమ్మా. ఇక అరవదు."

"నిజంగానా?"

అమ్మమ్మ ముందు ఒక కాలి వేళ్ళు కదిపింది. ఆగి విన్నది. తర్వాత పాదం జరిపింది. లేవబోతే మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కుర్చీలో పడింది. పిడుగు భుజం పట్టుకొని రెండోసారి లేచింది. నాలుగడుగుల దూరంలో బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని గటగటా తాగేసింది.

"దాహం వేసినా తాగలేదా?"

"నాలుగడుగులు వెయ్యాలిగా మరి! నిద్ర లేచి హాల్లోకి వచ్చానో లేదో, నెత్తిన రైలు ఎక్కినట్టు కూత. పక్కింటి వడ్రంగి గోడ మీద నుంచి, 'ఏమైంది పెద్దమ్మా?' అని అడిగాడు. 'ఏం లేదు నాయనా, నేనే ఏదో ముట్టుకున్నాను' అన్నాను. సిగ్గుతో చచ్చాననుకో. కూత ఆగాక నీళ్ళకని లేచాను. మళ్ళీ మొదలు! ఆ తెల్ల డబ్బా, 'ఇంట్లో ఎవరో ఉన్నారు, ఇంట్లో ఎవరో ఉన్నారు' అంటుంది. 'నేనేనమ్మా' అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. వినలేదు. ఇక ఎందుకొచ్చిన గొడవని కూర్చుండిపోయాను."

మూడుంపావు దాటినప్పటినుంచి అయిదుదాకా! పిడుగు వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేసింది.

అమ్మమ్మ గొంతు తగ్గించింది. "మీ అమ్మతో అనకేం. వారమంతా కష్టపడి పెట్టింది. ముసల్ది మొదటి రోజే చెడగొట్టిందంటే ఏం బాగుంటుంది చెప్పు?"

పిడుగు ఖాళీ గ్లాసు అందుకొని బల్ల మీద పెట్టింది.

అంతలో అమ్మ వచ్చింది. సంచి గుమ్మంలోనే వదిలేసి అమ్మమ్మ చేతులు పట్టుకుంది. "భయపడ్డావా అమ్మా?"

"భయమా, నాకా? నేనే ఏదో ముట్టుకున్నానే. ఏం ముట్టుకున్నానో నాకే తెలీదు. పాడైపోయిందేమో చూడు."

అమ్మ పిడుగు వైపు చూసింది. చూస్తూ నిలబడింది, అంతే.

ఇప్పుడు ఊరుకుంటే ఊరుకోవచ్చు. అమ్మమ్మ తప్పంతా తన మీదే వేసుకుంది. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే మాట దాటిపోతుంది. పిడుగు తన చెప్పుల వైపు చూసుకుంది. మైదానం దుమ్ము ఇంకా వాటికే ఉంది.

"నువ్వేం ముట్టుకోలేదు అమ్మమ్మా," అంది. "ఆన్ చెయ్యొద్దని అమ్మ చెప్పినా నేనే చేశా. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అది అడిగింది. నేను మూడు ఫోన్లు చూపించా. నీకు ఫోను లేదు కదా... నిన్ను... నిన్ను రాయలేదు."

అమ్మమ్మ మూలనున్న సెన్సర్‌నీ పిడుగునీ మార్చి మార్చి చూసింది.

"ఓహో!" అంది. "అయితే ఈ ఇంట్లో నేను లేనన్నమాట. మరి ఇందాక నీ చొక్కాకి గుండీలు కుట్టిందెవరే, దయ్యమా?"

పిడుగుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది. అమ్మమ్మ నడుముకు చుట్టుకుపోయి వెక్కివెక్కి ఏడ్చింది. "ఊరుకో, ఊరుకో. అలారం కంటే నువ్వే గట్టిగా అరుస్తున్నావు. వడ్రంగి మళ్ళీ గోడెక్కుతాడు," అని అమ్మమ్మ వీపు నిమిరింది.

అమ్మ స్టూలు మీద కూలబడింది. "దీన్ని అని ఏం లాభం! ఎవరింటికి వెళ్ళినా పగలు ఇంట్లో ఎవరుంటారని ముందు అడుగుతా. అడగందే డ్రిల్లు బయటికి తియ్యను. మనింట్లో మాత్రం ఆ మాట నిన్ను అడగలేదమ్మా."

"అమ్మమ్మకీ ఒక ఫోను కొందామా?" అంది పిడుగు ముక్కు తుడుచుకుంటూ.

"నాకెందుకే! ఇల్లు దాటినప్పుడల్లా తెలియడానికి మెడలో గంట కడతారా?"

అమ్మ నవ్వి, సంచిలోంచి గుండ్రటి బటన్ ఒకటి తీసింది. బిస్కెట్టంత ఉంది. వైర్లు లేవు, ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోవచ్చు. ఒక్కసారి నొక్కితే అలారం 'ఇంట్లో' పద్ధతికి వస్తుంది. నొక్కి పట్టుకుంటే 'బయట'కి వెళుతుంది.

పిడుగు ఫోను తీసి తను రాసిన రూల్ చెరిపేసింది. "నిజంగా చెరిపేయమంటావా?" అని యాప్ అడిగితే, "అవును," అని పైకే చెప్పి మరీ నొక్కింది.

అమ్మ బటన్ చేతికిచ్చింది. పిడుగు తలుపు పక్కన గోడకు, తన కంటి ఎదురుగా పెట్టి చూసింది. అంటించబోయి ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఇలా రా. నీ చెయ్యి హాయిగా ఎక్కడికి వస్తుందో గోడ మీద పెట్టు."

అమ్మమ్మ వచ్చి చెయ్యి పెట్టింది. భుజం అంతకంటే పైకి లేవదు. ఆ సంగతి పిడుగుకి ఇప్పుడే తెలిసింది. వేళ్ళ కింద పెన్సిలుతో గీత గీసి, సరిగ్గా అక్కడే బటన్ అంటించింది. అమ్మమ్మ నొక్కింది. హబ్ టింగుమంది.

"మరి పగలంతా నువ్వు ఇంట్లో ఎక్కడెక్కడ తిరుగుతావు?" అని అడిగింది పిడుగు.

"మధ్యాహ్నం నిద్ర లేవగానే హాల్లో పధ్నాలుగు చుట్లు తిరుగుతాను. మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పాడు. నువ్వు బడిలో ఉంటావు, నీకెలా తెలుస్తుంది? ఇవాళ మొదటి చుట్టుకే కూత పెట్టింది, నీ డబ్బా."

"అయితే ఇప్పుడు తిరుగుదాం పద."

ఇద్దరూ సోఫా చుట్టూ నడక మొదలుపెట్టారు. హాలు మూల దాటినప్పుడల్లా సెన్సర్‌లో చిన్న ఎర్ర దీపం మిణుకుమంటోంది. మొదటి రెండు చుట్లు అమ్మమ్మ దాని ముందు కాస్త ఆగి, అనుమానంగా చూసి, పిడుగు చెయ్యి గట్టిగా పట్టుకొని దాటింది. అయిదో చుట్టుకి దానివైపు చూడనే లేదు.

గేటు దగ్గర స్నేహితురాలు ఈల వేసింది. "ఇంకో ఆట ఉంది, వస్తావా?"

"రాను! పనిలో ఉన్నా!" అని కేకేసింది పిడుగు.

"తొమ్మిది," అంది అమ్మమ్మ.

"పది... పదకొండు," అంది పిడుగు.

ఆ తర్వాతి చుట్టు కూడా పూర్తయింది.

"పదకొండు," అంది అమ్మమ్మ.

పిడుగు లెక్కల్లో తరగతికే మొదటిది. పన్నెండని దిద్దడానికి నోరు తెరిచి, అమ్మమ్మ ముఖంలోకి చూసింది. అమ్మమ్మ ఎటో చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"అవును, పదకొండే," అని పిడుగు అమ్మమ్మ చెయ్యి పట్టుకొని మళ్ళీ సోఫా మలుపు తిరిగింది.