లోపలి గట్టు గేటు

తమ్ముడి బ్యాగు ఎప్పుడూ అక్కే సర్దుతుంది. ఇద్దరూ ఒకే సీక్రెట్ బ్యూరోలో పనిచేస్తారు. అతను ఫీల్డ్ ఏజెంట్, కోడ్ నేమ్ గోరింక. ఆమె కంప్యూటర్ రూమ్‌లో నీటి ప్రవాహాల లెక్కలు చూస్తుంది. ఆమెకు కోడ్ నేమ్ లేదు, బ్యూరో మొత్తానికి అక్కే.

ఖాకీ యూనిఫాం, గేట్ ఆపరేటర్ దొంగ ఐడీ కార్డు, మత్తుసూది పేల్చే టార్చిలైటు. అన్నిటికన్నా అడుగున, అతను వద్దంటాడని తెలిసి కూడా, ఓ పొడి తువ్వాలు పెట్టింది.

"మీసం ఏదక్కా?"

"సబ్బుపెట్టెలో ఉంది. కిందటిసారిలా తలకిందులుగా అంటించుకోకు."

"అయినా ఎవడూ పట్టుకోలేదుగా."

"నీ మొహం వంక రెండోసారి చూస్తే కదరా."

అతను నవ్వుతూ జిప్పు లాగాడు. ఆమె మాత్రం, ఎప్పటిలాగే, జిప్పు సరిగ్గా పడిందో లేదో మళ్ళీ లాగి చూసింది.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా ఒకటి వంతెన మీంచి నదిలో ఆవగింజలంత విషపు గుళికలు వదలబోతోంది. ఎప్పుడో తెలియదు. వంతెన దాటాక నది వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గరే ఊరికి నీళ్ళిచ్చే గేట్లు రెండున్నాయి. ఒకటి బయటి గట్టున, ఒకటి లోపలి గట్టున. రెండూ కలిపి మూస్తే నీటి ఒత్తిడికి పాత గట్టు తెగిపోతుంది. ఏదో ఒకటే మూయాలి.

ఏది మూయాలన్న కబురు నెమలి తెచ్చింది. ముఠా నాయకుడి పక్కన ముత్యాల దండతో మెరిసే డబుల్ ఏజెంట్ ఆమె. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన చిప్‌లో గుళికలు నీటిలో కొట్టుకుపోయే దారి, ముఠా కంప్యూటర్ గీసింది, ఉంది. గుళికలన్నీ బయటి గేటుకే చేరతాయని అందులో తేలింది. వెంటనే ఆ గేటు మూయించారు. లోపలి గేటు పక్కన, నేల కింది పంపుగదిలో ముఠా వేగు ఒకడు నక్కి ఉన్నాడని కూడా నెమలే చెప్పింది. వాణ్ణి పట్టుకోవడం గోరింక పని.

ఆ లెక్క ఒకసారి సరిచూస్తానంది అక్క. చీఫ్ కొట్టిపారేశాడు.

"దొంగిలించి తెచ్చిందమ్మా. వాళ్ళ కోసం వాళ్ళు వేసుకున్న లెక్క. అందులో అబద్ధమెందుకుంటుంది?"

అబద్ధం లేదు, తప్పుంది. తమ్ముడు వెళ్ళాక మనసు ఊరుకోక ఆమె గుళికను తెర మీద తనే నడిపించింది. ముఠావాళ్ళు తొందరలో తమ లెక్కలో గుళిక చేత పెద్దపెద్ద అంగలు వేయించారు. వంపులో నీరు తిరుగుతూనే ఉంటుంది, అంగ మాత్రం తిన్నగా పడుతుంది. అలా ప్రతి అంగకూ గుళిక కాస్త కాస్తగా బయటికి జారిపోతుంది. ఆమె అంగను సగం చేసింది. ఒక్కో అంగలో నాలుగు చోట్ల వేగం చూసి సరిచేసింది. గుళిక నీటితోపాటే ఒద్దికగా తిరిగి లోపలి గేటులో దూరింది.

అప్పుడే వంతెన కాపలావాడి ఫోన్ వచ్చింది. గుళికలు పడిపోయాయి.

లోపలి గేటు దించాలంటే ముందు బయటిది ఎత్తాలి. దించితే నీళ్ళు ఎగదన్ని పంపుగదిలోకి దూకుతాయి. ఆ గదిలోకి వైర్‌లెస్ అందదు. మనిషిని పంపుదామంటే వ్యవధి లేదు. ఆమె అంగను మళ్ళీ సగం చేసింది, తన లెక్క తప్పని తేలితే చాలనుకుంటూ. మళ్ళీ సగం చేసింది. దారి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

చీఫ్ తెర వంక చూశాడు, తర్వాత ఆమె వంక.

"అక్కా, వాడు ఎక్కడున్నాడో..."

"నాకు తెలుసు. దించండి."

ఇనుప తలుపు పడిన మరుక్షణం మొదటి గుళిక దానికి తగిలింది. బయటి గేటులోకి ఒక్కటీ పోలేదు. మిగతావన్నీ గేటు ముందు దించిన సన్నకన్ను వలల్లో చిక్కాయి. మర్నాడు కుళాయి నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఊరంతా విసుక్కుంది.

ముఠా వేగు దొరికాడు, మత్తులో, పంపుగది నిచ్చెన పైమెట్టుకు కట్టేసి. బ్యాగూ దొరికింది. వాటర్‌ప్రూఫ్ బ్యాగు కాబట్టి తువ్వాలు పొడిగానే ఉంది. మంగళవారం మధ్యాహ్నం పంపుగదిలోకి దిగిన గోరింక తిరిగి రాలేదు.