దీర్ఘం లేని సంతకం

ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే మొదట వినిపించేది గుండీల తగాదా. పెద్దావిడకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, మాటతోపాటు పాత నోరూ తిరిగొచ్చింది గానీ, కుడిచెయ్యి మాత్రం అలిగిన చుట్టంలా ఒళ్లో పడి ఉంటుంది. పిలిచినా పలకదు. ఎడమచేత్తో స్వెట్టరు గుండీ పట్టుకుని ఆవిడ కాజా కోసం వెతుక్కుంటుంటే, కొడుకు వచ్చి టకటకా పైనుంచి కిందిదాకా పెట్టేస్తాడు.

"ఒక్కటన్నా నన్ను పెట్టుకోనియ్యరా!"

"నువ్వు పెట్టుకునేసరికి ఎండలొస్తాయమ్మా. అప్పుడిక స్వెట్టరుతో పనేముంది?"

మంచి కొడుకే, కాదనడానికి లేదు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. పొద్దస్తమానం ఎవరి మేడలోనో చీకటి గోతుల్లోకి దిగి, మసి పూసుకుని ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని అమ్మకి తల దువ్వుతాడు. చెంచాతో తినిపిస్తాడు. డాక్టరు "ఎలా ఉందమ్మా?" అని ఆవిణ్ణి అడిగితే, "బాగానే ఉందండీ" అని తనే చెప్పేస్తాడు.

ఆ రోజుల్లో ఊళ్లో ఎన్నికలు. కోడలు ఎన్నికల ఆఫీసులో పనిచేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లిపోయేది. మెట్లెక్కి రాలేనివాళ్లూ, ఊళ్లో లేనివాళ్లూ ఉన్నచోటినుంచే వేసి పంపే ఓట్లన్నీ ఆఫీసుకి చేరతాయి. అత్తగారికీ అలాంటి ఓటే వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడ తలుపేసుకుని, ఎడమచేత్తో గుర్తు పెట్టి, కాగితం మడిచి చిన్న కవర్లో పెట్టి, నాలికతో తడిపి అంటించి, దాన్ని పెద్ద కవర్లోకి తోసేసరికి పొద్దు వాలింది. మధ్యలో కొడుకు తలుపు తట్టాడు.

"నేను రానా అమ్మా?"

"వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా!"

ఇక మిగిలింది పెద్ద కవరు మీద సంతకం. చెయ్యి అలిసిపోయిందనీ, రేపు స్నానం చేసి తీరిగ్గా పెడతాననీ చెప్పి పడుకుంది.

తెల్లారింది. ఆవిడ స్నానాలగదిలో ఉంది. కొడుకు బూట్లు వేసుకుని లేచి, బల్ల మీద కవరు చూశాడు. పక్కనే చిత్తుకాగితం. సంతకం చెయ్యికి అలవాటు కావాలని ఆవిడ రాసి చూసుకున్న కాగితం అది. ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకి వాలింది. ఒకటైతే కాగితం దాటి బల్ల మీదికే పాకింది. చూసి మొహం తిప్పుకున్నాడు. తర్వాత కలం తీసి, కవరు మీద అమ్మ పేరు తనే రాసేశాడు.

"అమ్మా, కవరు తీసుకెళ్తున్నా! దారిలో పోస్టుడబ్బాలో వేసేస్తా!"

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. "సంతకం పెట్టలేదురా, ఉండు!"

"అదంతా అయిపోయిందిలే!"

వీధి తలుపు పడింది. ఆవిడ తడిజుట్టుతో బయటికొచ్చి, ఖాళీ బల్లని చూసి, అలాగే కూర్చుండిపోయింది.

ఓటంటే ఆవిడకి ఎందుకంత పట్టో తెలియాలంటే పాత సంగతొకటి చెప్పుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఆవిడకి అక్షరం ముక్క రాదు. అన్నిటికీ వేలిముద్రే. భర్త పట్టుబట్టి సంతకం ఒక్కటి నేర్పాడు. ఓటుకి తీసుకెళ్లినప్పుడల్లా దారి పొడుగునా "ఫలానా గుర్తు, మర్చిపోకు" అని చెప్పేవాడు. ఈవిడ బుద్ధిగా తలూపేది. లోపలికెళ్లి తనకి నచ్చినదాని మీద వేసి, అంతే బుద్ధిగా బయటికొచ్చేది. పాపం ఆయన పోయేదాకా ఇంట్లో రెండు ఓట్లూ తనవేననుకున్నాడు. ఏం వండాలో, పిల్లాడికి ఏం పేరు పెట్టాలో, ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలో, అన్నీ ఇంకొకళ్లు తేల్చిన బతుకులో, ఓటు వేసే అట్టతెర వెనకాల ఆ కాసేపు మాత్రం ఆవిడదే.

మర్నాడు ఎన్నికల ఆఫీసులో కోడలి బల్ల మీదికి కవర్ల కట్ట వచ్చింది. కవరు విప్పడం తర్వాతి సంగతి. ముందు పైనున్న సంతకాన్ని, కంప్యూటర్లో ఉన్న పాత సంతకంతో పోల్చి చూస్తారు. కలిస్తే ఒక ట్రేలో, కలవకపోతే ఇంకో ట్రేలో. చుట్టాలదైతే తను చూడకూడదు, "మా ఇంటిది" అని పక్కబల్లకి జరిపెయ్యాలి. చిన్న ఊరు కదా, ఎవరో ఒకరు "మా ఇంటిది" అంటూనే ఉంటారు. "మీ ఇల్లు ఊరంత ఉందే!" అని తక్కినవాళ్లు ఆటపట్టిస్తూనే ఉంటారు.

అత్తగారి కవరు చేతికొచ్చింది. "మా ఇంటిది" అనబోయి, సంతకం మీద చూపు పడి కోడలు ఆగిపోయింది. పేరు చివర దీర్ఘం ఉంది.

ఉండాల్సిందే, నిజమే. కానీ ఆవిడ ఏనాడూ పెట్టదు. నేర్పిన రోజున మామగారు తొందరలో మర్చిపోయారు. తర్వాత దిద్దబోతే, "నేర్చుకున్నదేదో నేర్చుకున్నాను, ఇప్పుడు నా పేరుకి తోకలు తగిలించకండి" అంది. బ్యాంకులోనైనా ఆస్పత్రిలోనైనా తోక లేని పేరే. మరి ఈ దీర్ఘం ఎవరిది? చివర పైకి తిరిగిన చిన్న మెలిక చూడగానే ఆమెకి అర్థమైపోయింది. లిఫ్టు తనిఖీ కాగితాల కింద మొగుడు పెట్టే సంతకానికీ అదే మెలిక.

"మా ఇంటిది" అంది. కవరుని పక్కకి జరిపింది.

పక్కబల్ల దగ్గర ఉండేది రిటైరైన బడిపంతులు. అందరికీ మాస్టారే. కవరునీ కంప్యూటర్నీ మార్చి మార్చి చూశాడు.

"జబ్బు చేశాక మీ అత్తగారి సంతకం కుదురుకుందే! పాతదానికన్నా ఇదే నయం. తప్పు కూడా దిద్దుకున్నట్టుంది." మంచి ట్రే వైపు చెయ్యి చాపి ఆగాడు. "ఆవిడదేగా అమ్మాయ్? ఊఁ అను చాలు, వేసేస్తా."

ఒక్క ఊఁ. ఊఁ అంటే ముసలావిడ మధ్యాహ్నమంతా కూర్చుని వేసిన ఓటు బతుకుతుంది. మొగుడూ బతికిపోతాడు. కానీ మొన్నటికి మొన్న సంతకం కలవని ఒక తాతగారిని పిలిపించి, కుర్చీ వేసి, మళ్లీ పెట్టించింది తనే. ఆయన దగ్గర చూపించిన చాదస్తం తన గుమ్మం దాకా వచ్చేసరికి ఏమైపోవాలి?

"నన్ను అడక్కూడదు మాస్టారూ. ఫోన్ చేసి ఆవిణ్ణే అడగండి."

మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని ఆమె మొహం చూశాడు. కవరుని కలవనివాటి ట్రేలో పెట్టాడు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"నువ్వే కదా పక్కన పెట్టించింది?"

"లోపలికన్నా రానివ్వండి."

"ఫోనొచ్చింది. రేపు పొద్దున ఇద్దరు ఆఫీసువాళ్లు ఇంటికొస్తారట. ఈ సంతకం నీదేనా అని అమ్మని అడుగుతారట. ఇది కేసవుతుందని తెలుసా నీకు? నా లైసెన్సు ఏం కావాలి? కట్టుకున్న మొగుణ్ణి పట్టించావు!"

"నేను కాదు, మీ దీర్ఘం పట్టించింది."

"ఏం దీర్ఘం?"

"అత్తయ్య తన పేరు చివర దీర్ఘం పెట్టరు. ఇంత వయసొచ్చింది, కన్నతల్లి తన పేరెలా రాసుకుంటుందో ఒక్కసారన్నా చూశారా?"

అతను వెంటనే గొంతు పెంచాడు. "ఓటు వేసింది అమ్మేగా! పైన పేరొక్కటి రాశాను. ఎవరి కొంప మునిగిందట?"

"మీరు చూడని లిఫ్టుకి, చూశానని మీ సంతకం ఇంకొకడు పెడితే ఊరుకుంటారా?"

"అందులో జనం ఎక్కుతారే!"

"ఇందులో మీ అమ్మ ఉందండీ."

లోపల కర్ర చప్పుడు. పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడింది. కొడుకు పరుగున వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వే గట్టెక్కించాలి. రేపు వాళ్లొస్తే 'నాదే' అని ఒక్కమాట చెప్పు. నీ ఓటూ చెల్లుతుంది, నాకూ గొడవుండదు."

"నా పేరుకి దీర్ఘం పెట్టావట్రా?"

"ఇప్పుడదా ముఖ్యం!"

"అదే ముఖ్యం. గుండీలు పెట్టావు, ఊరుకున్నా. తల దువ్వావు, ఊరుకున్నా. డాక్టరు నన్నడిగితే నువ్వు జవాబిచ్చావు. నా నొప్పి నీకేం తెలుసురా అనిపించినా, ప్రేమే కదా అని నోరు మూసుకున్నా. ఇప్పుడు నా పేరు కూడా నువ్వే రాసేస్తే ఇంక నేనెందుకురా? ఈ కుర్చీకే స్వెట్టరు తొడిగితే సరిపోదూ?"

"అత్తయ్యా, మీరు ఆయాసపడకండి..."

"నువ్వుండమ్మాయ్." ఆవిడ కొడుకు వైపే చూస్తోంది. "చెప్తాలేరా, నాదేనని చెప్తా. చిన్నప్పుడు నువ్వు పక్కింటివాళ్ల అద్దం పగలగొడితే, నా చెయ్యి తగిలిందని చెప్పలేదూ? అలాగే చెప్తా. కానీ రేపట్నుంచి నువ్వు రాసిందే నా సంతకమవుతుంది. నాకు వచ్చిన ఆ ఒక్క ముక్కా నాది కాకుండా పోతుంది. నీకు సమ్మతమైతే చెప్పు, నేను సిద్ధం."

అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "ఆ చిత్తుకాగితం చూశానమ్మా. ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించే చెయ్యి నీది. ఆ అక్షరాలు అలా పడిపోతుంటే చూడలేకపోయాను. ఇంకెవరూ చూడకూడదనుకున్నాను."

"నువ్వు చూడలేకపోతే కళ్లు మూసుకో నాన్నా. నా చెయ్యి పట్టుకోకు."

అంత మనిషీ ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, కదలని ఆ కుడిచేతి మీద భోరుమన్నాడు. ఎడమచెయ్యి అతని తల మీదికి వచ్చింది. ఏం చెప్పమంటాడో మాత్రం ఆవిడ మళ్లీ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పొద్దున్నే ఆఫీసరమ్మా, మాస్టారూ వచ్చారు. కోడలు వాళ్లకి కుర్చీలు వేసి, "మా ఇంటిది, నేనుండకూడదు" అని పెరట్లోకి వెళ్లిపోయింది. ఆఫీసరమ్మ కవరు తీసి పెద్దావిడ ముందు పెట్టింది.

"అమ్మా, ఈ సంతకం మీదేనా?"

ఆవిడ ఆ దీర్ఘాన్నీ, దాని మెలికనీ చూసింది. తలెత్తి కొడుకుని చూసింది. పెదాలు కదిలాయి.

"నాదండీ," అన్నాడు కొడుకు.

"ఏమిటి?"

"ఆ సంతకం నాదండీ. అమ్మకి చెప్పకుండా నేనే పెట్టాను. ఓటు ఆవిడదే, ఈ తప్పు నాది."

ఆఫీసరమ్మ కలం తీసింది. "ఇది రాసి పైకి పంపక తప్పదండీ. మిమ్మల్ని పిలుస్తారు. ఏమంటారో నేను చెప్పలేను."

"వస్తానండీ."

పాత కవరు మీద అడ్డంగా గీత గీసి, చెల్లదని రాశారు. పెద్దావిడ ప్రాణం ఉసూరుమంది. "లోపలున్నది మంచిదేగా తల్లీ, అదే తీసుకోరాదూ?"

"విప్పితే మీరెవరికి వేశారో మాకు తెలిసిపోతుందమ్మా."

"అమ్మో, అయితే వద్దు!"

కొత్త ఓటిచ్చి అందరూ గది బయటికొచ్చారు. తలుపేశారు. ఈసారి కొడుకు తట్టలేదు. ఆవిడ పిలిచాక అందరూ మళ్లీ లోపలికెళ్లారు. కవరు అంటించి ఉంది, సంతకమే మిగిలింది.

"వేలిముద్ర వేసినా చెల్లుతుందమ్మా. మేం సాక్షులుగా ఉంటాం," అంది ఆఫీసరమ్మ.

"వేలిముద్ర ఎప్పుడో దాటొచ్చాను. మళ్లీ వెనక్కి పోను."

రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం ఒరిగింది. రెండోది దాని మీద పడింది. కలం జారి దొర్లుకుంటూ పోయి కొడుకు కాళ్ల దగ్గర ఆగింది. అతను తీశాడు. ఆవిడ వేళ్ల మధ్య పెట్టబోయి, ఆగి, బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు. చేతులు రెండూ వీపు వెనక బిగించి పట్టుకున్నాడు. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఆవిడ మళ్లీ కలం పట్టుకుంది. చివరి అక్షరం దాకా పాకుతూ వెళ్లి, అక్కడ ఆపేసింది. దీర్ఘం లేదు.

ఆఫీసరమ్మ పాత సంతకాన్ని పక్కన పెట్టి చూసింది. "ఈ వణుకు జబ్బు వల్ల వచ్చిందని రాస్తాను. అక్షరాలు అవే."

"తప్పూ అదే," అన్నాడు మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

వాళ్లు వెళ్లాక కోడలు పెరట్లోంచి వచ్చి టీ పెట్టి తెచ్చింది. మొగుడు ఆమె కోసం కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుంది.

"ఇంతకీ ఎవరికి వేశావమ్మా?" అన్నాడు.

"మీ నాన్నకే చెప్పలేదు, నీకు చెప్తానా!"

పెద్దావిడకి చలేసినట్టుంది, స్వెట్టరు దగ్గరికి లాక్కుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. పై గుండీ కింది కాజాలో పడింది, దాంతో వరసంతా వంకర. కొడుకు చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు. టీ చల్లారిపోయేదాకా కొడుకూ కోడలూ అలా చూస్తూ కూర్చున్నారు. ఆవిడ చివరి గుండీ తోసి, రొమ్ము విరుచుకుని, "ఏరా, ఎలా ఉంది?" అంది.

"బాగుందమ్మా." అతని మొహం నవ్వుతోంది. "ఎండలు రాకముందే పెట్టేసుకున్నావు."